మునగని ఇంటిని కాపాడిన శనివారం

ఆ శనివారం పొద్దున వెండెల్ క్విస్ట్ పెట్టుకున్న పని ఒక్కటే. ఫీనిక్స్‌లో నారింజ చెట్ల నడుమ ఉన్న ఆ పాత వీధికి భార్య లొరీనాతో వెళ్లి, తాము కొనాలనుకున్న ఇంటిని చివరిసారి చూసి రావడం. ఆశ పెద్దగా లేదు. చికాగో నుంచి వచ్చిన బిల్డరొకడు వీళ్లకంటే ఎక్కువే ఇస్తానన్నాడు. అయినా ఇరవయ్యేళ్లుగా బాల్కనీలో కుండీలతో సరిపెట్టుకున్న లొరీనాకు ఆ చెట్లను ఇంకోసారి చూడాలనిపించింది. ఇంటి యజమానురాలు, ఎనభై మూడేళ్ల ఇమోజీన్ ప్రాట్, "నేను జుట్టు కత్తిరించుకోడానికి పోతున్నా, పెరడంతా తిరిగి చూసుకోండి" అని ఫోన్లో చెప్పింది.

గేటు తీసి అడుగు పెట్టగానే చీలమండల దాకా నీళ్లు. పచ్చిక మధ్య సిమెంటు తూములోంచి బుడబుడా పొంగుతున్నాయి.

"పైపు పగిలింది" అన్నాడు వెండెల్.

"పగిలితే ఇంత తీరిగ్గా వస్తాయా?"

"నువ్వు ముందు ఫైరింజనుకు ఫోన్ చెయ్యి. ఇల్లు మునిగాక మాట్లాడుకుందాం."

తూము మీద ఇనుప చక్రం ఉంది. పళ్ల డాక్టరైన వెండెల్, జ్ఞానదంతాలు పీకిన బలమంతా పెట్టి దాన్ని బిగించాడు. నీళ్లు ఆగాయి. అతను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

గోడ అవతల నుంచి గొంతు వినిపించింది. "ఎవరయ్యా తూము మూసింది?"

పక్కింటి రిటైర్డ్ జడ్జి టార్వర్ గారు. ఆయన మనవరాలి పెళ్లివిందుకు పెరట్లో బల్లలు వేసి ఉన్నాయి. దారి మూసుకుపోయిన నీళ్లు వెనక్కి తన్ని ఆ బల్లల కింద చేరాయి.

"పైపు పగిలిందనుకున్నానండీ."

"అది కాలవ నీరు. చెట్లకని పదిహేను రోజులకోసారి వంతులవారీగా వదుల్తారు. పైపు పగల్లేదు. ఇప్పుడు పగులుతుందేమో."

వెండెల్ చక్రాన్ని వెనక్కి తిప్పబోతే కదల్లేదు. ఈలోగా ఫైరింజను వచ్చి, ముందు టైరు జడ్జి గారి పచ్చికలో దిగబడింది. వీధివీధంతా ప్యాంట్లు మడుచుకుని, పారలు పట్టుకుని వచ్చేసింది. లొరీనా పెళ్లి కేకును నెత్తిన పెట్టుకుని గట్టెక్కించింది. తూము తెరవడానికి నలుగురు ఫైరువాళ్లు పట్టారు.

సరిగ్గా అప్పుడే బిల్డరు కారు దిగాడు. దిగిన కాలు బురదలోకి పోయింది.

"ఇక్కడ ఇలా తరచూ అవుతుందా?"

"పదిహేను రోజులకోసారి" అన్నారు జడ్జి గారు, అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి.

బిల్డరు ఆ కారులోనే వెళ్లిపోయాడు.

కొత్త జుట్టుతో ఇమోజీన్ వచ్చేసరికి వెండెల్ తల దించుకుని జరిగిందంతా చెప్పాడు. ఆవిడ చెట్ల వైపు చూసింది.

"ఇవి మా ఆయన నాటినవి నాయనా. పంతొమ్మిది మంది వచ్చి చూశారు. అందరూ ఇల్లూ చెట్లూ ఎప్పుడు పడగొట్టొచ్చనే అడిగారు. ఇల్లు మునిగిపోతుందని పరిగెత్తింది నువ్వొక్కడివే."

"ముంచింది కూడా నేనేనండీ."

"నా ఇల్లు కాదుగా, జడ్జిది. మీరిచ్చేది చాలు, తీసుకోండి."

లొరీనా ఆవిడ చెయ్యి పట్టుకుంది. జడ్జి గారు గోడ మీదుగా కేకు ముక్కలు రెండు అందించారు. తడికాళ్లతో తింటుంటే వెండెల్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి.

జూన్‌లో వాళ్లు ఆ ఇంట్లో చేరారు. వీధిలో ఎవరికీ తమను పరిచయం చేసుకోవలసిన పని పడలేదు.