ఇల్లు దాటని పెరుగు

శుక్రవారం పొద్దున ఏడున్నరకు చైత్ర హోసూరులో కృష్ణగిరి బస్సు ఎక్కేసరికి సంచిలో అన్నీ ఉన్నాయి. పన్నెండు పేజీల లెసన్ ప్లాన్, ఫ్లాస్కులో వేడి పాలు, థర్మామీటరు, నీలం లిట్మస్ కాగితాలు. లేనిది పెరుగు ఒక్కటే. అది పిల్లలు తెస్తారు. ఇంటింటి పెరుగూ వరుసగా పెట్టి, పాలు పెరుగెలా అవుతాయో చెప్పాలని ఆమె పథకం.

బి.ఎడ్. చివరి పాఠం అది. చూసి మార్కులు వేయడానికి బయటి కాలేజీ నుంచి పుష్పావతి మేడమ్ వస్తుంది. ఆమె ముఖం చైత్ర ఎరగదు. పోయిన ఏడాది ఆమె ఇద్దరిని ఫెయిల్ చేసిందనీ, వాళ్లు మళ్లీ నలభై రోజులు బడికి తిరిగారనీ మాత్రం విన్నది.

కుందారపల్లి దాటి ఉన్న ఆ చిన్న ఊరి తెలుగు బడిలో ఏడో తరగతి పిల్లలు ఆమె కోసం కాచుకొని ఉన్నారు. అందరి చేతులూ ఖాళీ.

"పెరుగు యాడ?" అంది చైత్ర.

ముందు వరుసలోంచి ఐశ్వర్య లేచింది. "ఈ పొద్దు శుక్రవారం కదా మిస్. పెరుగు ఇల్లు దాటి ఇయ్యకూడదంట. మా అవ్వ గిన్నె లాక్కొనేసింది."

"మా ఇంట్లో గూడా మిస్," అన్నారు మిగిలినవాళ్లు.

ప్యాకెట్టు పెరుగుతో పెరిగిన చైత్రకు ఈ సంగతి తట్టనే లేదు. అంగట్లో కొంటే అంతా ఒకటే పెరుగు, పోల్చడానికేముంది? పాఠం పదకొండుకు. "ఇయ్యొద్దులే. చూపించి మళ్లీ ఇంటికి తీసుకొని పోతే చాలని చెప్పు," అని ఐశ్వర్యను బడి వెనకే ఉన్న ఇంటికి పంపింది.

ఐశ్వర్య అవ్వ పాపక్క కాసేపు ఆలోచించింది. చూపించడానికి అభ్యంతరం లేదు. కానీ పిల్ల చేతికిస్తే ఇచ్చినట్టే. ఇంటి ఆడది తానే పట్టుకొనిపోయి తానే పట్టుకొనివస్తే మాత్రం ఆ పెరుగు ఇంట్లో ఉన్నట్టే. ఈ తీర్పు పది నిమిషాల్లో ఊరంతా పాకింది. పదిన్నరకు ఇరవై మంది ఆడవాళ్లు, దిష్టి తగలకుండా పెరుగు గిన్నెల్ని బిందెల్లోకి దించి, చంకన పెట్టుకొని బడి వైపు నడిచారు.

హెడ్మాస్టరు పురుషోత్తం కిటికీలోంచి చూశాడు. ఆయనకు బిందెలే కనిపించాయి. పోయిన నెలే పక్క ఊరి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో హైవే మీద కూర్చొని గంటసేపు లారీలను ఆపేశారు. ఈ ఊరి కొళాయి మూడు వారాలుగా ఎండిపోయి ఉంది. ఆయన ఆఫీసు గదికి లోపల గడియ పెట్టి, పంచాయతీ ప్రెసిడెంటు గోపాలప్పకు ఫోను చేశాడు.

"అన్నా, బిందెలతో వచ్చేసినారు. ఇరవై మంది ఉండారు."

"నీళ్లకైతే నా ఇంటికి రావాల గానీ బడికేల వచ్చినారప్పా?"

"ఈడినించి హైవేకు పోతారేమో."

"అరగంట ఆపి పెట్టప్పా. ట్యాంకరు పంపిస్తాను."

పదకొండుకు నీళ్ల ట్యాంకరు వచ్చి బడి గేటుకు అడ్డంగా నిలబడింది. దాని వెనక ఆటోలు ఆగిపోయాయి. మేడమ్ ఇక రాదు, మళ్లీ నలభై రోజులు తప్పవు అనుకుంది చైత్ర. తరగతి గదిలో చూస్తే గోడ వెంబడి ఆడవాళ్లు బాసింపట్లు వేసుకొని కూర్చొని ఉన్నారు. వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపడం బాగుండదు. ఆమె లెసన్ ప్లాన్ మూసి సంచిలో పడేసింది.

చైత్ర మొదట పాపక్క పెరుగులో నీలం కాగితం ముంచింది. కాగితం ఎర్రబడింది.

"పులుపు ఉండాది కాబట్టి ఎర్రగా అయింది, చూసినారా?"

"నా పెరుగు పులుపా?" అంది పాపక్క. "నీ కాగితం చెడిపోయిందమ్మా. నాగక్క దాంట్లో పెట్టు, అప్పుడు తెలుస్తుంది."

పక్కన కూర్చున్న నాగక్క గిన్నెలోనూ ఎర్రబడింది. పాపక్క శాంతించింది.

చైత్ర ఫ్లాస్కులోని పాలు గ్లాసులో పోసి, తోడు ఎప్పుడు వేయాలని అడిగింది. పాపక్క చెయ్యి కడుక్కొని వచ్చి చిటికెన వేలు ముంచింది. "ఇంకా కాదు. వేలు పెట్టి పది ఎంచితే కాలకూడదు, చల్లగానూ తగలకూడదు." కాసేపాగి మళ్లీ ముంచింది. "ఇప్పుడు." చైత్ర థర్మామీటరు పెట్టింది. సరిగ్గా నలభై డిగ్రీలు. ఇంకో గ్లాసు పోసి నాగక్కను పిలిచింది. ఆమె వేలు సరేనన్నప్పుడు నలభై ఒకటి ఉంది.

"ఆమె చెయ్యి మోటు," అంది పాపక్క.

మరీ వేడైతే తోడులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, బాగా చల్లారితే పెరగవు. లెసన్ ప్లాన్‌లో రెండు పేజీలు పట్టిన ఆ సంగతి ఈ వేళ్లకు ఎప్పుడో తెలుసు. చైత్ర థర్మామీటరును పిల్లల చేతికిచ్చి, తాను పాపక్కను అడగడం మొదలుపెట్టింది. చలికాలంలో ఎలా? రాగుల మూటలో గిన్నె పూడ్చిపెడతారట. ఎందుకు? ఆ జవాబు పిల్లలే చెప్పారు. "వేడి బయటికి పోదు మిస్."

వెనక కళ్లద్దాలు పెట్టుకున్న ఒకామె పక్కామెను ఏదో అడుగుతూ ఉంది.

"వెనకమ్మా, మాటలు తరవాత," అంది చైత్ర. "ఆ గిన్నె ఒలికిపోతుంది, కొంచెం పట్టుకోండి." ఆమె రెండు చేతులా పట్టుకుంది.

గంట కొట్టారు. బయట ట్యాంకరు ఉందని తెలిసి ఆడవాళ్లు బిందెల నిండా నీళ్లు పట్టుకొని, పెరుగు గిన్నెలు చేతబట్టుకొని ఇళ్లకు పోయారు. అప్పుడు పురుషోత్తం గడియ తీశాడు. కళ్లద్దాలామె మాత్రం కదలలేదు.

"మీది ఏ ఇల్లమ్మా?" అంది చైత్ర.

"నేను పుష్పావతి. ట్యాంకరు పక్క సందులో దూరి పదకొండుకే వచ్చినాను. ఎవురూ కుర్చీ వేయలేదు. నువ్వు గిన్నె పట్టుకోమన్నావు, పట్టుకొని కూర్చున్నాను."

చైత్ర చెయ్యి సంచిలోని లెసన్ ప్లాన్ మీదికి పోయింది.

"లెసన్ ప్లాన్ ఏల తీయలేదు?"

"మీరు రారనుకొన్నాను మేడమ్."

"నేను ఉండానని తెలిస్తే ఎవురూ ఇట్ల చెప్పరు," అంటూ ఆమె సంచిలోంచి కాగితం తీసి, నిలబడే రాసి, సంతకం పెట్టి చైత్ర చేతికిచ్చింది.

మార్కులు నూటికి తొంభై నాలుగు. కింద ఒక వాక్యం ఉంది: పిల్లల క్రమశిక్షణ చాలా బాగుంది, అవ్వల విషయంలో ఇంకొంత కృషి అవసరం.