గడప లేని పడవ

ఆదివారం పొద్దున్నే దుప్పట్లు ఉతుక్కొస్తానని వాణి అనేసరికి, కాఫీ కలుపుతున్న రాఘవమ్మ చేతిలో గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. బందరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదివిన పిల్ల. చేతిరుమాలు కన్నా పెద్ద గుడ్డ ఏదీ ఉతికి ఎరగదు.

"నువ్వా? కృష్ణలోనా?"

"ఊరికే కూర్చుంటే తోచట్లేదమ్మా."

రాఘవమ్మ కూతురి వంక మురిపెంగా చూసింది. పెళ్ళయి ఎన్నాళ్ళయిందని, అప్పుడే ఎంత మార్పు! "మా తల్లే! మళ్ళీ అత్తారింటికి వెళ్ళేలోపు పని అలవాటు చేసుకుందామనేగా?" అంటూ మంచాల మీది దుప్పట్లే కాక అటక మీది బొంతలు కూడా దింపింది. ఒక్క దుప్పటి చంకన పెట్టుకుని రేవుకు పరుగెడదామనుకున్న వాణి, చివరికి తన బరువంత మూట నెత్తిన పెట్టుకుని గడప దాటింది. మూటలో పులిహోర డబ్బా ఉంది. దాని సంగతి రాఘవమ్మకు తెలియదు. ఆ పులిహోర తినవలసిన మనిషి సంగతి అసలే తెలియదు.

వాణికి వైశాఖంలో పెళ్ళయింది. భర్త ఉమాశంకర్ గుడివాడలో ఓ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఆషాఢం రాగానే ఆచారం ప్రకారం ఆమెను పుట్టింటికి తీసుకొచ్చేశారు. కృష్ణా జిల్లా శ్రీకాకుళం రేవుకు కాస్త దిగువన, కృష్ణ ఒడ్డునే ఉంటుంది ఆ ఊరు. ఆషాఢంలో అత్తా, కొత్త అల్లుడూ ఒకే గడప దాటకూడదు. ఈ విషయంలో రాఘవమ్మ పంచాంగం కన్నా కచ్చితం. అల్లుడు ఫోన్ చేసినా సరే, రిసీవరు కూతురి చేతికిచ్చి తను పెరట్లోకి వెళ్ళిపోయేది.

ఆ ఫోన్లోనే ఉమాశంకర్ ఓ మాట అన్నాడు. "గడప దాటకూడదన్నారు, ఒప్పుకుంటాను. పడవకి గడపేదీ?"

వాణికి ఒళ్ళు ఝల్లుమంది. ఎన్ని తరాల కొత్త దంపతులు ఆషాఢమంతా ఉసూరుమంటూ కూర్చున్నారో! ఇంత చిన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. లెక్చరర్‌ని చేసుకుంటే ఇదీ లాభం అనుకుంది.

శ్రీకాకుళం రేవులో నూకరాజు అనే జాలరికి ఒడ్డున ఎండిపోతున్న పాత పడవ ఒకటుంది. సెలవు దొరికినప్పుడల్లా ఉమాశంకర్ బస్సెక్కి వెళ్ళి దాన్ని బాగుచేస్తున్నాడు. పలకల సందుల్లో కొబ్బరిపీచు కూరి తారు పూశాడు. పొలాలకు నీళ్ళు తోడే పాత ఆయిలింజను ఒకటి గుడివాడలో కొని, పంపుతో సహా పడవలో బిగించాడు. అందరూ పడవ వెనక నీళ్ళలో తిరిగే ఫ్యాను పెడతారు. అతను పెట్టలేదు. ఫ్యానుకు వలలు చుట్టుకుంటాయి, గుర్రపుడెక్క చుట్టుకుంటుంది. పక్కనుంచి నీళ్ళు పీల్చి వెనకనుంచి చిమ్మితే, ఆ తోపుకు పడవ దానంతటదే ముందుకు వెళ్తుందని అతని సిద్ధాంతం. ఆదివారం వచ్చి ఆమెను ఎక్కించుకుని, ఏటి మధ్య లంక చుట్టూ తిప్పి, భోజనాల వేళకు దించేస్తానన్నాడు. ఆషాఢం మొత్తానికి వాళ్ళకు దొరికేది ఆ ఒక్క పూటే. ఎవరి కంటనైనా పడితే అదీ పోతుంది. పైగా, కొత్త అల్లుడు దొంగచాటుగా పెళ్ళాన్ని చూడ్డానికి వచ్చాడని దివిసీమంతా చెప్పుకుంటారు.

రేవులో ముందు చప్పుడు వినిపించింది. తర్వాత నల్లటి పొగ కనిపించింది. ఆ తర్వాత మలుపు తిరిగి పడవ వచ్చింది. నీలం రంగు పడవ. ముందు కొమ్ము మీద తెల్ల పెయింటుతో "వాణి" అని రాసి ఉంది. వెనక పైపులోంచి చిమ్ముతున్న ధారలో, పొద్దుటెండకు, జానెడు ఇంద్రధనుస్సు పడవతోపాటే కదిలి వస్తోంది. తన పేరు కృష్ణ మీద తేలుకుంటూ తన దగ్గరికే రావడం చూసి వాణి దండం పెట్టబోయి, చుట్టూ చూసి, చేతులు దించేసింది.

"ఎలా ఉంది?" అని అరిచాడు ఉమాశంకర్. లుంగీ ఎగగట్టి, మోచేతుల దాకా గ్రీజు పూసుకుని, పెళ్ళిపీటల మీద కన్నా అందంగా ఉన్నాడు.

"ఏమండీ, ఇదంతా మీరే చేశారా?"

"మొత్తం! చూశావా ఆ వేగం!"

పడవ అడుగున కూర్చుని రేకుడబ్బాతో నీళ్ళు తోడిపోస్తున్న నూకరాజు తలెత్తాడు. "ఇంజను ఆపేసినా ఇంతే వేగమండి. ఏరు కూడా ఇటే పోతంది కదండి."

"నువ్వు నీళ్ళు తోడు నూకరాజూ."

"తోడతానే ఉన్నానండి. తోడిందే మళ్ళీ లోపలికొస్తంది."

వాణి మూట పడవలో పడేసి తనూ ఎక్కింది. ఆ బొంతల బరువుకు పడవ ఒక్కసారి మూలిగి, ఒడ్డు పక్క బురదలో మెత్తగా కూర్చుంది. ఉమాశంకర్ ఇంజను ఆపి, తెడ్డుతో నెట్టాడు. నూకరాజు నెట్టాడు. పడవ కదల్లేదు. సరిగ్గా అప్పుడే గట్టు మీదనుంచి ఓ గొంతు వినిపించింది.

"ఎవరిదమ్మాయ్ ఆ పడవ?"

వాణి తండ్రి శేషగిరిరావు! ఆ గట్టు వెనకే ఆయన నారుమడి. ఆ ఏడాది కాలువలకు ఇంకా నీళ్ళు వదల్లేదు. గట్టు మీద ఆయనకో ఇంజను ఉంది గానీ, కృష్ణ దాని నీళ్ళు పీల్చే పైపుకు అందనంత దూరం జరిగిపోయింది. పొడుగు పైపు పంపమని బందరు షాపుకు కబురు పెట్టి, అది రాక, పొద్దున్నుంచీ నారుమడికీ రేవుకూ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఇవాళ తడి తగలకపోతే నారంతా మాడిపోతుంది. నారు పోతే ఆ ఏటి సాగు పోయినట్టే.

ఆయన గట్టు దిగేలోపు ఉమాశంకర్ బొంతల కింద దూరిపోయాడు.

శేషగిరిరావు పడవను చూశాడు, పంపును చూశాడు, నోరు తెరిచాడు. "పడవ మీద ఇంజనా! ఏమయ్యా, బందరు షాపువాళ్ళు పంపారా?"

నూకరాజు వాణి వంక చూశాడు. వాణి గబగబా తలూపింది.

"అంతేనండి" అన్నాడు నూకరాజు.

"పైపు పంపమంటే ఏకంగా పంపునే తేల్చి పంపారే! కృష్ణ మన దగ్గరికి రాకపోతే మనమే కృష్ణలోకి వెళ్ళొచ్చన్నమాట! వ్యాపారమంటే అదీ! చూడమ్మాయ్, నీ పేరే పెట్టుకున్నారు." ఆయన కూలీలను కేకేశాడు. వాళ్ళు మడిలోకి నీళ్ళు పారించే పొడుగాటి పైపును గట్టు మీదనుంచి లాక్కొచ్చి పంపు మూతికి తగిలించారు. "ఇంక స్టార్ట్ చెయ్యవయ్యా."

నూకరాజు జన్మలో ఆ హ్యాండిలు ముట్టుకోలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఇంజను దగ్గింది గానీ పలకలేదు.

"ముందు లివరు ఎత్తి పట్టుకుని తిప్పాలి" అంది బొంత.

శేషగిరిరావు తల తిప్పాడు. "ఎవరు మాట్లాడిందీ?"

"నేనే నాన్నా! గొంతు పట్టేసింది" అంది వాణి దగ్గుతూ.

"డిగ్రీలో ఇవి కూడా చెప్తారా!" అని ఆయన కూతుర్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

ఇంజను ఒక్కసారి ఎగిరి అందుకుంది. పైపు పాములా మెలికలు తిరిగి, ఉబ్బి, గట్టెక్కింది. మరుక్షణం నెర్రెలిచ్చిన నారుమడిలోకి నీళ్ళు దూకాయి. వాణి మూట సంగతీ, మూట కింద మనిషి సంగతీ కాసేపు మరిచిపోయింది. నేల నీళ్ళు తాగుతున్న చప్పుడు ఇంజను మోతలో కూడా వినిపిస్తున్నట్టే ఉంది. పండుబారిన నారు మీద వెలుగు పరుచుకుంటూ పోతోంది. ఎక్కడినుంచో కొంగలు వచ్చి, పిలిచిన పెళ్ళికి వచ్చినట్టు వరసగా వాలాయి. ఆమెకు కళ్ళు తిరిగినంత సంబరమైంది. ఇదంతా ఆ బొంత కింద ఉన్నాయన చేశాడని ఊరంతా వినేలా అరవాలనిపించింది.

అరవక్కరలేకుండానే ఊరు వచ్చింది. నారు ఎండుతున్న రైతులందరూ వచ్చారు. "మా మడికెప్పుడు?" అని ఒకరు, "మాది దగ్గరండీ, ముందు మాకు!" అని ఇంకొకరు. కాంతారావు అనే ఆయన, బందరు షాపులో తనకు బాగా తెలుసనీ, ఈ పడవను పంపించింది తన మాట మీదేననీ ప్రకటించాడు. శేషగిరిరావు ఆయనకు దండం పెట్టాడు. ఆ వెనకే పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, చెంబుడు నీళ్ళతో రాఘవమ్మ వచ్చింది.

"గంగమ్మ తల్లి నడిచొచ్చిందిట మన చేలోకి!" అంటూ తిన్నగా పడవెక్కేసింది.

"అమ్మా, వద్దు! బురద!" అంది వాణి.

"బొట్టు పెట్టకుండా పని చేయించుకుంటామటే?" రాఘవమ్మ ఇంజనుకు బొట్టు పెట్టి, పసుపు కుంకుమల పళ్ళెం బొంతల మీద ఆనించింది. పళ్ళెం మెల్లగా పైకీ కిందికీ కదులుతోంది. "ఒడ్డున కూడా అలలున్నాయే!" అని ఆశ్చర్యపోయింది.

అంతలో ఓ దుప్పటి కొస నీళ్ళలోకి జారింది. దాన్ని పంపు పట్టుకుంది. పట్టుకుని జానెడు జానెడు లాక్కోవడం మొదలుపెట్టింది. బొంతల కిందనుంచి ముందు ఓ బొటనవేలు బయటపడింది. వాణి దుప్పటిని ఇటు లాగింది. పంపు అటు లాగింది. రెండో పాదం బయటపడింది. వాణి దాని మీద కూర్చుంది. ఇంజను గొంతు మారింది, పొగ తన్నింది. పైపు సన్నబడి, నీళ్ళు ఆగిపోయాయి.

"అయ్యో, సగం మడే తడిసింది!" అన్నాడు శేషగిరిరావు. నూకరాజు హ్యాండిలు తిప్పి తిప్పి చెమటలు కక్కాడు. ఇంజను తిరిగింది గానీ నీళ్ళు రాలేదు.

వాణి తండ్రి ముఖంలోకి చూసింది. తడిసిన సగం మడి పచ్చగా మెరుస్తుంటే, ఆయన ఎండిన సగం వైపే చూస్తున్నాడు. ఆమె లేచి నిలబడి, బొంతలు రెండు చేతులా లాగేసింది.

"ఏమండీ, లేవండి! నారు పోతుంది!"

పీకల దాకా తడిసిపోయిన ఉమాశంకర్ లేచి కూర్చున్నాడు. ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూస్తున్నవాడిలా, "పంపులో గాలి పట్టింది మావయ్యగారూ. ఒక్క నిమిషం" అన్నాడు.

గట్టు మీద కొంగలు తప్ప ఎవరూ కదల్లేదు. రాఘవమ్మ చెంగుతో ముఖం కప్పుకుని అటు తిరిగింది. ఉమాశంకర్ పంపు నీళ్ళు పీల్చే మూతికి చిక్కిన దుప్పటిని పీకి పారేసి, పంపు పై మూత విప్పి, చెయ్యి చాచాడు. "పంపులో నీళ్ళు పోయాలి. అత్తయ్యగారూ, ఆ చెంబు!"

రాఘవమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత, ముఖం అటే ఉంచి, చెంబు ఇటు వంచింది. సగం నీళ్ళు పంపులో, సగం అల్లుడి నెత్తిన పడ్డాయి. పంపు నీళ్ళందుకుంది. మిగిలిన సగం మడిలోకి నీళ్ళు ఉరికాయి.

శేషగిరిరావు పంపునూ, అల్లుడినీ మార్చి మార్చి చూశాడు. "ఇది... మీరు చేశారా అల్లుడుగారూ?"

"ఫిజిక్సేనండీ" అన్నాడు ఉమాశంకర్ నెత్తి తుడుచుకుంటూ.

"నేను చెప్పలా, పంపించింది నేనేనని!" అన్నాడు కాంతారావు.

ఇక అందరూ రాఘవమ్మ వైపు తిరిగారు. రాఘవమ్మ చెంగు చాటునుంచి పడవను ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసి, తీర్పు చెప్పింది.

"గడప దాటలేదు కాబట్టి దోషం లేదు. ఊళ్ళో మళ్ళన్నీ తడిసేదాకా ఆయన పడవలోనే ఉండాలి. భోజనం ఇక్కడికే పంపిస్తా. ఏమే వాణీ, ఆ పంపులో ఎవరో ఒకరు చెంబుతో నీళ్ళు పోస్తూ ఉండాలిట. నేనెదురుపడకూడదు. రోజూ నువ్వే వెళ్ళి కూర్చో."

"సరేనమ్మా" అంది వాణి, వీలైనంత దిగులుగా.

ఒక్క పూట అడిగితే ఆషాఢమంతా దొరికింది. ఉమాశంకర్ కాలేజీకి సెలవు పెట్టాడు. కాలువలకు నీళ్ళు వదిలేదాకా ఇద్దరూ పక్కపక్కనే, మధ్యలో ఇంజను పెట్టుకుని కూర్చున్నారు. అది పొద్దున అందుకుంటే సాయంత్రానికి గానీ ఊరుకునేది కాదు. దాని మోతలో ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. అతను రోజంతా చేతులు తిప్పుతూ ఏవేవో చెప్పేవాడు. ఆమె చెంబు పట్టుకుని, అతన్నే కళ్ళార్పకుండా చూస్తూ, అన్నిటికీ తలూపేది.

అలా తలూపినవాటిలో తన గొలుసు తాకట్టు పెట్టి రెండో పడవ కొనడం కూడా ఉందని ఆమెకు శ్రావణంలో తెలిసింది.