మూడు బిళ్లలకు బొట్టు

ఆ ఉదయం వాసవాంబ వేసుకున్న పథకం చిన్నదే. కూతురు శ్రుతితో గాంధీనగర్ నుంచి కాలేజీకి వెళ్లాలి, ల్యాబులో కొత్త యంత్రానికి పసుపు కుంకుమ పెట్టాలి, తిరిగొచ్చి చారు కాయాలి. మోటారు కొన్నా మిషను కొన్నా బొట్టు పెట్టకుండా స్విచ్చి వేయడం వాళ్ల వంశంలో లేదు.

యంత్రంలో పెట్టేది గోరంత బిళ్ల. దాని మీద గ్రాఫీన్ అనే కార్బన్ పొర, ఆ పొరలో ముగ్గులాంటి సన్నటి గీతలు. కంటికి కనపడని టెరాహెర్ట్జ్ తరంగం దాని గుండా పోతే, వేరుశెనగకు పట్టే బూజు విషం రవ్వంత అంటినా తెరమీద గీత కుంగుతుంది. దాన్ని పరీక్షించడానికి బెంగళూరు నుంచి వస్తున్న శ్రీమన్నారాయణగారు పెదవి విరిస్తే, శ్రుతి ఏళ్లుగా చేసిన పని మూతపడుతుంది.

"ఏమీ ముట్టుకోవద్దమ్మా" అని ఆమె ఆయనకు ఎదురు వెళ్లింది.

వాసవాంబ యంత్రానికి బొట్టు పెట్టింది. పక్కన పళ్లెంలో నాలుగు బిళ్లలు కనిపించాయి. పేరంటంలో తల్లికి బొట్టు పెట్టి పిల్లలను వదిలేస్తారా? ఒక్కోదాని మూలన పసుపు తాకించి, కూతురు కోప్పడుతుందని వెంటనే కొంగుతో తుడిచేసింది. దేవుడికి తెలిస్తే చాలు. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి బూట్ల చప్పుడైంది. చెయ్యి వెనక్కి వచ్చింది.

"ముందు విషం వేయని ఖాళీ బిళ్ల సార్. గీత కుంగకూడదు" అంది శ్రుతి.

గీత కుంగింది.

"గదిలో తేమ ఉన్నట్టుంది సార్." కిటికీలు మూశారు, ఫ్యాను ఆపారు. అందరికీ చెమటలు పట్టాయి. రెండో బిళ్ల పెట్టారు. కుంగింది. మూడోదీ అక్కడే కుంగింది. శ్రీమన్నారాయణగారు పెన్నుకు మూత పెట్టారు.

శ్రుతి అటెండరు మీద పడింది. "పంపన్నా, బిళ్లలు ముట్టుకున్నావా?"

"దేవరాణె, దేవుని మీద ఒట్టు, నేను వాటి జోలికే పోలేదు మేడమ్!" పెద్దాయన రెండు చేతులూ జోడించాడు.

వాసవాంబ ఇక ఓర్చుకోలేకపోయింది. "ఆయప్పను అనొద్దే. నేనే బొట్టు పెడ్తిని."

"యాడ పెడ్తివి?"

"ఆ బిళ్లలకే. తుడిచేస్తిని కదే! ఇంతమంది కండ్లకే కనపడల్యా, దానికెట్ల కనపడె?"

శ్రుతి తల పట్టుకుంది. శ్రీమన్నారాయణగారు పెన్ను మూత తీశారు.

"ఎన్నింటికి పెట్టారమ్మా?"

"మూడింటికప్పా. నాలుగోదానికి పెట్టబోతే నువ్వొస్తివి."

నాలుగోది పెట్టారు. గీత చెక్కుచెదరలేదు. దాని మీద ఆయన తెచ్చిన విషపు చుక్క వేస్తే కుంగింది, అదీ పసుపుకు కుంగిన చోట కాదు, వేరే చోట.

"తుడిచేసిన పసుపునే పట్టిందంటే ఇంక నేను పరీక్షించేదేముంది?" అంటూ ఆయన సంతకం చేశారు. శ్రుతి పంపన్న చేతులు పట్టుకుని క్షమించమంది.

"తుడిచేసినా పట్టేస్తాదంట!" అని వాసవాంబ ఇంట్లో గర్వంగా చెప్పింది. షుగరున్న భర్త కేశవమూర్తి ఆ సాయంత్రం నుంచి బజారులో మిఠాయి తిన్నాక మూతి తుడుచుకోవడం మాని, సబ్బుతో కడుక్కుని ఇంటికి రావడం మొదలుపెట్టాడు.