చప్పుడు చేయని డబ్బా

నా కథల్లో కోతలు ఎక్కువని గిట్టనివాళ్లు అంటుంటారు. ఈ కథలో నువ్వుగింజంత అబద్ధం పట్టుకోండి, నా కుడిచెవి కోసి మీ చేతిలో పెడతాను.

ఆయన గ్రంథాలయాధికారి. ఉద్యోగంలో చేరింది మొదలు చూపుడువేలు పెదాల మీద పెట్టి ‘ఉష్’ అనడమే పని కావడంతో, అసలు పేరు అరిగిపోయి ఉష్షుగారుగా మిగిలాడు. ఆ అలవాటు ఇంటికొచ్చినా పోలేదు. కుక్కర్ కూత వేస్తే దానికి కూడా వేలు చూపించేవాడు.

ఆ ఆదివారం పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి దుకాణానికి వెళ్లడం, విడిభాగాలు కొనుక్కొచ్చి మధ్యాహ్నానికల్లా కంప్యూటర్ బిగించడం, సాయంత్రం అత్తగారి పాటలు రికార్డు చేయడం. అత్తగారి గొంతులో ఒక బుడిపె లేచింది. మర్నాడు కాక ఆ పై సోమవారం ఆపరేషన్. ప్రాణానికి భయం లేదు గానీ, తర్వాత గొంతు ఎలా వస్తుందో తను చెప్పలేనన్నాడు డాక్టరు. ఆవిడ నూలు మిల్లులో దారం చుట్టే యంత్రాల మధ్య పాడుకుంటూ బతుకంతా గడిపిన మనిషి. మిల్లు గోడను ఆనుకున్న క్వార్టర్స్‌లో పెరిగిన కూతురికి జోలపాటలైనా, మేలుకొలుపులైనా ఆ పాటలే.

“అవి పోతే నా చిన్నతనం సగం పోయినట్టే. మీ ఫోన్లో రికార్డు చేసేయరాదూ?” అంది భార్య.

“ఫోన్లో పాట పడదే, పాట శవం పడుతుంది. దానికో పద్ధతుంది. ముందు చప్పుడు చేయని కంప్యూటర్ కావాలి.”

“పద్ధతి అన్నారంటే అయినట్టే,” అని ఆవిడ నిట్టూర్చి లోపలికి వెళ్లింది.

దుకాణం అతను ఆయన్ని ఎగాదిగా చూశాడు. “గేమ్స్ కోసమా సార్? రంగురంగుల లైట్లున్న డబ్బా ఇస్తాను, చూడండి.”

“ఆ లైట్లు చప్పుడు చేస్తాయా?”

“లైట్లకి చప్పుడేంటి సార్?”

“అయినా వద్దు.”

మధ్యాహ్నానికి కంప్యూటర్ తయారైంది. ముందుగదిలో మైకు పెట్టి, ఖాళీ గదిని కాసేపు రికార్డు చేసి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నాడు. డబ్బాలో ఫ్యాను హోరు వినపడింది. అది అనుకున్నదే. దాని అడుగున ఇంకోటి ఉంది. సన్నటి మూలుగు. లేస్తోంది, పడుతోంది, ఎక్కడో ఆగి మళ్లీ అందుకుంటోంది.

“అత్తయ్యగారూ, మీకేమైనా మూలుగు వినపడుతోందా?”

వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు తల అడ్డంగా ఊపింది. “నాకేం వినపడలేదు బాబూ.”

మర్నాడు ఆ మూలుగును దుకాణం అతనికి వినిపించాడు. అతను కళ్లు మూసుకుని విని, ఫ్యాను బేరింగ్ పోయిందని తేల్చాడు. ఫ్యాను అక్కర్లేకుండా ప్రాసెసర్‌ని చల్లబరిచే రేకుల దొంతర ఒకటి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి బిగిస్తే డబ్బా మూత పడలేదు. పడకపోతే పోనీ అని వదిలేశాడు. ఆ రేకుల వెచ్చదనానికి కిటికీలోంచి ఒక పావురం వచ్చి గుడ్డు పెట్టిపోయింది. మళ్లీ రికార్డు చేశాడు. హోరు తగ్గింది, మూలుగూ తగ్గింది. కానీ పోలేదు.

“చూశావా, తగ్గుతోంది. మనం సరైన దారిలోనే ఉన్నాం,” అన్నాడు భార్యతో.

ఆ దారిలోనే వారమంతా నడిచాడు. ఫ్యాను లేని పవర్ సప్లై వచ్చింది. తిరిగే డిస్కు పోయి తిరగని డిస్కు వచ్చింది. గాలి ఆడక కంప్యూటర్ కాసేపటికోసారి కొండెక్కుతుంటే, దాన్ని స్నానాలగదిలో చల్లగా కూర్చోబెట్టి, తలుపు కిందనుంచి ముందుగదిలోకి పొడవాటి వైర్లు లాగాడు. ఇంటిల్లిపాదీ స్నానానికి పక్కవాళ్ల గడప తొక్కారు. తర్వాత ఫ్రిజ్ ప్లగ్ పీకాడు, పాలు విరిగాయి. సీలింగ్ ఫ్యాన్లు ఆపాడు, మనుషులు వాడారు. మిక్సీని అటకెక్కించాడు. ఒక్కొక్కటి ఆపిన కొద్దీ మూలుగు సన్నబడుతూనే ఉంది.

చివరికి మిగిలింది పైవాటా టైలరమ్మ కుట్టుమిషను. శనివారం మెట్లెక్కి వెళ్లి ఆమెను బతిమాలాడు.

“రేపు సాయంత్రం ఒక్క పూట ఆపాలమ్మా.”

“ఆపుతాలెండి అన్నయ్యగారూ. నేను కూడా దిగొచ్చి పెద్దమ్మగారి పాట వింటాను. మీరు మాత్రం కాస్త పడుకోండి, కళ్లు లోపలికి పోయాయి.”

ఆదివారం సాయంత్రం ఇల్లు ఊపిరి బిగబట్టింది. పరీక్షకని రికార్డు చేసి చూస్తే హోరు లేదు, మూలుగు లేదు, ఏమీ లేదు. ఉష్షుగారి కళ్లు చెమర్చాయి. జీవితంలో అంత శుభ్రమైన నిశ్శబ్దం ఆయన గ్రంథాలయంలో కూడా ఎరగడు. అత్తగారిని మైకు ముందు కూర్చోబెట్టి, వేలు పెదాల మీద పెట్టుకుని, కానివ్వమన్నట్టు తలాడించాడు.

ఆవిడ నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. ఏమీ రాలేదు.

“నొప్పిగా ఉందా అమ్మా?” కూతురు కంగారుపడింది.

“నొప్పి కాదే. ఇంత నిశ్శబ్దంలో పాడితే అందరికీ వినపడుతుంది కదా.”

“వినడానికేగా అత్తయ్యగారూ, ఇంతమందిమి కూర్చున్నది.”

“అందుకే రావట్లేదు బాబూ. మిల్లులో నా పాట నా పక్క మనిషికి కూడా వినపడేది కాదు. ఆ ధైర్యంతోనే పాడేదాన్ని. ఇక్కడ చూడు, చావింట్లో కూర్చున్నట్టుంది.”

మంచినీళ్లిచ్చారు. కళ్లు మూసుకోమన్నారు. అందరూ గోడవైపు తిరిగి కూర్చున్నారు. పొద్దు గుంకింది గానీ పాట రాలేదు. రేపు పొద్దున్నే ఆసుపత్రి. కూతురు గోడవైపు తిరిగే కళ్లు తుడుచుకుంది.

“పొద్దున్నే ఇవ్వాల్సిన బట్టలున్నాయి, ఏమీ అనుకోకండి,” అని టైలరమ్మ నెమ్మదిగా లేచి పైకి వెళ్లింది. కాసేపటికి కుట్టుమిషను గడగడలాడింది.

ఉష్షుగారి హెడ్‌ఫోన్లలో మూలుగు తిరిగొచ్చింది. నీరసంగా వేలు పైకెత్తి, ఇంటికప్పుకేసి ‘ఉష్’ అనబోతూ ఎందుకో ఎదురుగా చూశాడు. అత్తగారి పెదాలు కదులుతున్నాయి. ఆవిడకు ఆ సంగతే తెలియదు. ఇంత చప్పుడులో తన గొంతు తనకే వినపడదు మరి.

వారం రోజులుగా ఒక్కొక్క భాగమే మార్చి తను ఇంట్లోంచి తరుముతున్నది ఏమిటో ఆయనకు అప్పుడర్థమైంది. ఎత్తిన వేలు మెల్లగా దించాడు.

“ఫ్రిజ్ పెట్టు. ఫ్యాన్లన్నీ వెయ్యి. అటకమీంచి మిక్సీ దించు,” అన్నాడు.

“మిక్సీలో ఏం వెయ్యను?”

“ఏమీ వద్దు. ఊరికే తిప్పు.”

స్నానాలగదిలోకి పరుగెత్తి, రేకుల దొంతర పీకి, మొదటి ఫ్యాను బిగించి, డబ్బాను తెచ్చి అత్తగారి ఒళ్లో పెట్టినంత దగ్గరగా పెట్టాడు. తర్వాత మెట్ల దగ్గరికి వెళ్లి, ఎన్నడూ గొంతెత్తని మనిషి, “ఇంకా జోరుగా కుట్టమ్మా” అని అరిచాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

అత్తగారు కళ్లు మూసుకుని, బుడిపె గిడిపె మరిచి, తనకొచ్చినవన్నీ పాడింది. గదిలో ఎవరికీ ఒక్క మాట వినపడలేదు. ఉష్షుగారు హెడ్‌ఫోన్లు తీసి భార్య చెవులకు పెట్టాడు. ఆమె అలాగే నేలమీద కూలబడి, పాటలన్నీ అయ్యేదాకా లేవలేదు.

ఆపరేషన్ అయింది. గొంతు నిక్షేపంగా తిరిగొచ్చింది. అది విని ఉష్షుగారు సంతోషించి, సెలవు పెట్టి రెండు రోజులు నిద్రపోయాడు. లేచాక అత్తగారికి ఆ రికార్డు వినిపించాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది.

“అచ్చం మా మిల్లే బాబూ. ఎంత బాగా పట్టావు. మధ్యలో ఎవరిదో ఆ మూలుగొక్కటీ లేకపోతే ఇంకా బాగుండేది.”

ఇక నిజం చెప్పేస్తాను. ఆ పావురం నా కల్పన. గుడ్డు కూడా నేను పెట్టిందే. మిగతాదంతా జరిగిందే. నా కుడిచెవి సంగతంటారా, అత్తగారు ఇప్పుడు మా ఇంటి పక్కనే ఉంటోంది, మిక్సీ తిప్పే వేళకి ఆ చెవితో నాకు పనుంటుంది.