పోర్ట్ హార్లో విమానాశ్రయంపై నా ఫిర్యాదు

న్యాయం ఎవరి పక్షాన ఉందో చివరిదాకా విని చెప్పండి. మధ్యలో లేచిపోయినవారికి తీర్పు చెప్పే హక్కు లేదు. నేను ముప్పై మూడేళ్లు కాన్వెంటు బడిలో ఇంగ్లీషూ, నీతిపాఠమూ చెప్పినదాన్ని. నీతిపాఠంలో కునికిన పిల్లను నిలబెట్టానే తప్ప, తప్పు చేయని పిల్లను ఒక్కనాడూ నిలబెట్టలేదు.

ముద్దాయి నా భర్త సుబ్బరాయ గారు. కోలారు బంగారు గనుల సర్వే ఆఫీసులో పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, గనులు మూతపడ్డాక, పెన్సిలు చెక్కే అలవాటు ఒక్కటే వెంటబెట్టుకొని ఇల్లు చేరినవారు. ఉద్యోగంలో భూమి కిందికి వేల అడుగులు దిగారు. భూమి పైకి మాత్రం మా మిద్దె ఎత్తు దాటి లేచింది లేదు. విమానం ఎక్కడం అటుంచండి, కోలారు బస్సులో కిటికీ పక్క సీటు దొరక్కపోతే ఆయనకు కళ్లు తిరుగుతాయి.

అటువంటి మనిషి డెబ్బయ్యో ఏట విమానాశ్రయం కట్టడం మొదలుపెట్టారు. ఎక్కడంటారా? కెనడా దేశపు ఉత్తరపు కొసన, పోర్ట్ హార్లో అనే చోట. అక్కడ జనం మూడు వందలు, విమానాలు వారానికి రెండు, చెట్లు సున్న.

ఇటుకలతో కాదు లెండి, కంప్యూటరులో. ఇంట్లో కూర్చొని విమానం నడిపే ఆట ఒకటి ఉంది, ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారు. అందులో పెద్ద పెద్ద నగరాల విమానాశ్రయాలను కంపెనీవాళ్లే తయారుచేసి ఇస్తారు. పోర్ట్ హార్లో వంటి ఊరూపేరూ లేని చోట్లను ఎవరో ఒక అభిమాని పూనుకొని, రన్‌వే మొదలు రాతిగుట్ట వరకూ ఉన్నదున్నట్టు చేసి, అందరికీ ఉచితంగా పంచాలి. దాన్ని సీనరీ అంటారు. ఆ అభిమానుల సంఘం ఒకటి పోటీ పెట్టింది. నెగ్గినవారి సీనరీ, చేసినవారి పేరుతో సహా, సంఘం దగ్గర శాశ్వతంగా ఉంటుందట.

"కోలారుకే విమానాశ్రయం లేదు. అక్కడెందుకండీ?" అన్నాను.

"అక్కడిది ఇంగా ఎవురూ చేయలేదు కుముదా. మనమే ఫస్టు."

"మనమే" అన్నారు. రాసిపెట్టుకోండి.

మొదటి చిక్కు మంచుతో వచ్చింది. సీనరీలో నేలకు అతికించడానికి మంచు ఫొటోలు కావాలి. ఇతరులు తీసిన ఫొటోలను అడగకుండా వాడుకోవడం దొంగతనమని నేనే ఆజ్ఞాపించాను. తరువాత జరిగిన అనర్థంలో ఆ మేరకు నాకూ భాగముంది, ఒప్పుకొంటాను.

మరునాటినుంచి ఆయనకు హఠాత్తుగా షుగరు జబ్బు మీద భయం పుట్టింది. తెల్లవారగానే నడకకు వెళ్లడం, బూట్లనిండా తెల్లటి దుమ్ముతో తిరిగిరావడం. తోడు అంబరీష్ గారు. గనిలో పనివాళ్లను తొట్టెలో దించే యంత్రాన్ని నడిపిన మనిషి, ప్రస్తుతం మావారి ఆటవిమానానికి రెండో పైలట్.

"మీరు విమానం నడపడం ఎప్పుడు నేర్చారు అంబరీష్ గారూ?"

"ఏమక్కా, మూడు కిలోమీటర్లు కిందికి దించినోణ్ని, పైకి లేపలేనా? కడ్డీ అటు నూకే బదులు ఇటు నూకేది, అంతే కదా!"

ఇద్దరూ వెళ్లింది నడకకు కాదు, సైనైడ్ దిబ్బలకు. బంగారం తీసుకొని వదిలేసిన రాతిపొడి మా ఊరి పక్కన కొండలు కొండలుగా పడి ఉంటుంది. పొద్దు పొడిచే వేళ, కొంచెం కళ్లు చికిలిస్తే, అది మంచే అని వారిద్దరూ ఏకగ్రీవంగా తీర్మానించారు.

దూరపు కొండలకు దిబ్బలు సరిపోయాయి. దగ్గరి మంచుకు మెరుపు చాలలేదట. ఒకనాడు పాలు పోయడానికి వచ్చిన చిన్నవెంకటమ్మ వీధిలో నిలబడి తల పైకెత్తి చూస్తోంది.

"ఏమమ్మా టీచరమ్మా, మిద్ది మీదనుంచి రవ్వ రాల్తా ఉండాది, ఏ దేవునికి మొక్కినారు?"

పరుగున మిద్దె ఎక్కాను. నాలుగు కిలోల ఉప్మారవ్వ పరచి ఉంది. దాని పక్కన మావారు బోర్లా పడుకొని ఫొటో తీస్తున్నారు. ఆ చివరినుంచి ఇరవై పావురాలు క్రమశిక్షణతో ముందుకు వస్తున్నాయి.

"తోలు కుముదా, పావురాల్ని తోలు! పోర్ట్ హార్లోలో పావురాలు లేవు!"

"ఉప్మా కూడా లేదు," అన్నాను. ఆ వారమంతా మా ఇంట్లోనూ లేదు.

రెండో చిక్కు సమాచారం. ఊరు ఎలా ఉంటుందో అక్కడివాళ్లే చెప్పాలి. ఆ విమానాశ్రయాన్ని చూసుకొనేది మార్తా అనే ఆవిడ. ఆమెకు ఉత్తరం రాయాలి. మావారి ఇంగ్లీషు సర్వే ఆఫీసు ఇంగ్లీషు, క్రియాపదాన్ని గనిలోనే వదిలి వస్తుంది. కనుక ఉత్తరాలు రాసే పని నామీద పడింది.

"డియర్ సార్ అని పెట్టు."

"ఆవిడ స్త్రీ అండీ."

"ఆఫీసరు ఎవురైనా సారే. పెట్టు."

పెట్టలేదు. మూడు నెలల్లో ముప్పై ఒక్క ఉత్తరం రాశాను. కింద సంతకం మాత్రం సుబ్బరాయ. నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది గనుక ఇళ్లను కొయ్యకాళ్ల మీద నిలబెడతారని ఆమె రాసింది. చమురు వేసవిలో ఒక్కసారే ఓడ మీద వస్తుందనీ, అక్కడ దిక్సూచి తప్పు చూపుతుంది గనుక కొలతలన్నీ అసలు ఉత్తరదిక్కునుంచే తీసుకోవాలనీ రాసింది. ఆ చివరి మాట రెండుసార్లు చదివి వినిపించాను.

"నువ్వు ఇంగ్లీషు చూసుకో కుముదా, దిక్కులు నేను చూసుకుంటాను. ముప్పై ఆరేండ్లు దిక్కుల్తోనే బతికినాను."

చూసుకోమన్నాను.

ఆయన అడగమన్న ప్రశ్నలు రన్‌వే పొడవు, దీపాల రంగు వగైరా. వాటి చివర నావి కూడా ఒకటో రెండో చేర్చేదాన్ని. మీ పిల్లలు బడికి ఏ దారిన వెళతారు? గాలి ఎక్కువైతే పట్టుకోవడానికి ఏమైనా ఉంటుందా? మార్తా ఒక కాగితం మీద బడిదారీ, దాని పొడుగునా కట్టిన తాడూ బొమ్మగీసి పంపింది. ఆ తాడును సీనరీలో పెట్టేదాకా నేను మావారికి రెండో కాఫీ ఇవ్వలేదు.

పని పూర్తయింది. సీనరీతోబాటు ఎవరెవరు చేశారో చెప్పే పత్రం ఒకటి జతచేయాలి. అచ్చుతప్పులు చూడమని నాకిచ్చారు. చదివాను. రచన, సుబ్బరాయ. సాంకేతిక సలహాదారు, అంబరీష్. ఈ మూడు నెలల్లో ఆయన ఇచ్చిన సలహా "చక్కెర తక్కువైంది అక్కా" అన్నది ఒక్కటే. తరువాత కరెంటు ఎక్కువగా తీయనందుకు విద్యుత్ శాఖకు కృతజ్ఞతలు. ఆఖరున, "సహనం వహించిన కుటుంబ సభ్యులకు."

"ఏమండీ, ఈ కుటుంబ సభ్యులు ఎవరు?"

"నువ్వే కదా."

"నాకు పేరుంది."

"మొగుడూ పెండ్లాలకు వేరే వేరే పేర్లు ఏమిటికి? నా పేరులో నీ పేరు ఉండాది కదా కుముదా."

"అయితే నా పేరు వేయండి. అందులో మీ పేరు ఉంటుంది."

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచారు. "చూడు, ఇంగ రెండు పేర్లుంటే ఎవురు చేసినారని జనానికి అనుమానం వస్తుంది. పోటీ కదా. గెలిచినాక వేస్తాను."

మూడు నెలల చాకిరీ అలా ఉంచండి, నాలుగు కిలోల రవ్వను కూడా క్షమించాను. ముప్పై ఒక్క ఉత్తరాలను క్షమించలేకపోయాను. నా పేరు అక్కడ ఉండి తీరాలి అని నిశ్చయించుకొన్నాను. ఎలాగన్నది తెలియలేదు. ప్రార్థన చేసి, జవాబు రాకపోవడంతో, ఆయన కాఫీలో మాత్రం చక్కెర మానేశాను.

తీర్పు ఆదివారం సాయంత్రం. మనకు సాయంత్రం, వాళ్లకు పొద్దున. వీడియోలో మార్తా కనిపించింది. గుండ్రటి ముఖం, నెరిసిన జడ, నా వయసే. తెర మీద పక్క గడిలో, ఆ ఊరికి నిజంగానే విమానం నడిపే పైలట్. ఆయన మావారు కట్టిన విమానాశ్రయంలో అందరి ఎదుటా దిగి చూపించాలి. మావారు కోటు తొడిగారు. అంబరీష్ గారు గాలి వీస్తుందేమో అన్నట్టు మఫ్లరు చుట్టుకొని వచ్చారు. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. సహనం వహించే స్థానం అదే కదా.

కొండలు కనిపించగానే మార్తా "ఆహా, ఈ మంచు నిజం మంచులాగే ఉందే!" అంది. సైనైడ్ దిబ్బకు అంతటి గౌరవం మునుపెన్నడూ దక్కలేదు. బడిదారి తాడును చూసి ఆమె తెరకు దగ్గరగా జరిగింది. మావారు తలపంకించి అభినందనలు స్వీకరించారు.

పైలట్ మబ్బులో దిగసాగాడు. ఆ ఊరి నిజమైన పటంలో ఏ దిక్కు రాసి ఉందో అదే పట్టుకొని దిగాడు. మబ్బు విడిపోయింది. రన్‌వే ఉండవలసిన చోట రన్‌వే లేదు! అది అంత దూరంలో, అలిగి పక్కకు తిరిగి పడుకొన్న మనిషిలా ఉంది.

తప్పు ఏమిటో తరువాత తేలింది. మావారి గనిపటాల్లో ఉత్తరం, ఉత్తరం కాదు. బంగారపు పొర పరుగెత్తే వాటానికి సరిపడేట్టు పదకొండు డిగ్రీలు జరిపి గీసుకొన్న ఉత్తరం. భూమి కింద అందరూ దానికే కట్టుబడతారు గనుక ఎవరికీ నష్టం లేదు. ముప్పై ఆరేళ్లు అలా గీసిన చెయ్యి, పోర్ట్ హార్లోను కూడా, అడగకుండానే, పదకొండు డిగ్రీలు తిప్పేసింది. సముద్రమూ కొండలూ ఉన్నచోటనే ఉన్నాయి. విమానాశ్రయం మాత్రం మా గనుల వైపు తిరిగింది.

"లేపు, లేపు!" అని అంబరీష్ గారు తెలుగులో అరిచారు. పైలట్‌కు తెలుగు రాదు. విమానం మంచు మీద జారి, జారి, చమురు ట్యాంకుకు ముక్కు ఆనించి నిలిచింది.

ఇప్పుడు తెరనిండా ట్యాంకే. తళతళలాడే స్టీలు ట్యాంకు. దాని మీద, ఒక్కొక్కటీ నిలువెత్తు మనిషంత, చుక్కలు చుక్కలుగా మూడు తెలుగు అక్షరాలు.

కుముద.

మన ఇళ్లలో స్టీలు సామాను కొంటే, అంగడివాడు దాని మీద చుక్కలతో పేరు కొట్టి ఇస్తాడు. పక్కింటికి వెళ్లిన గిన్నె దారి తప్పకుండా తిరిగి రావాలని. నా మొదటి జీతంతో ఆండర్సన్‌పేటలో కొన్న కందిపప్పు డబ్బా అది. చమురు ట్యాంకు బొమ్మకోసం మావారు దాన్ని ఫొటో తీశారన్నమాట! నలభై ఏళ్లుగా చూసి చూసి, దాని మీద అక్షరాలున్నాయని ఆయన కంటికి ఆనలేదు.

"ట్యాంకు మీద ఏం రాసి ఉంది?" అని మార్తా అడిగింది.

మావారు గొంతు సవరించుకొన్నారు. "ఆయిల్ కంపెనీ. కంపెనీ నేమ్."

"మాకు చమురు తెచ్చేవాళ్లందరూ నాకు తెలుసు. ఈ కంపెనీ ఎవరిది?"

"అక్కా!" అంబరీష్ గారు ఆనందం పట్టలేక లేచారు. "అది నీ బ్యాళ్ల డబ్బా కదా!"

"ఆయన ఏమంటున్నారు?" అంది మార్తా.

మావారికి ఉన్న ఇంగ్లీషు కంపెనీ పేరుతో అయిపోయింది. మెల్లగా వెనక్కి తిరిగారు. "కుముదా... ఏమన్నా చెప్పి సర్దు."

నీతిపాఠం చెప్పినదాన్ని, అబద్ధం ఎలా చెప్పగలను? కుర్చీ ముందుకు జరుపుకొని, "నమస్కారం. నేను కుముదను. అది నా కందిపప్పు డబ్బా," అన్నాను.

మార్తా కళ్లు చిన్నవి చేసి నన్ను చూసింది. నేను మాట్లాడిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లోనే ఆమె ఉత్తరాల ధోరణి పసిగట్టింది. "బడిపిల్లల సంగతి అడిగింది మీరే, కాదూ? సార్లెవరూ అది అడగరే అని అనుకొంటూనే ఉన్నాను. ఉత్తరాలన్నీ మీవేనా?"

"ముప్పై ఒకటీ."

"మరి రన్‌వే దిక్కు?"

"అది పూర్తిగా ఆయన సొంత కృషి. అందులో నాకు భాగం లేదు," అన్నాను. న్యాయం న్యాయమే.

బహుమతి ఐస్‌లాండ్‌వాళ్లకు వెళ్లింది. రన్‌వే సరిదిద్దితే మాది కూడా ఉంచుకొంటామని సంఘంవాళ్లు అన్నారు. ట్యాంకు మీద పేరు చెరిపేస్తానని మావారు ముందుకు వచ్చారు. మార్తా ఒప్పుకోలేదు. పత్రం మళ్లీ రాశాం. రచన, కుముద, సుబ్బరాయ. నా పేరు ముందెందుకు అన్నారు. అక్షరక్రమం అన్నాను. క తరువాత స రావడానికి నేనా బాధ్యురాలిని?

వారం తరువాత మార్తా ఉత్తరం నేరుగా నా పేరిట వచ్చింది. మావారికి వినిపించడానికి తెలుగు చేస్తూ చదివాను. వాళ్ల అమ్మ పుట్టిన ఊరు ఇంకొంచెం ఉత్తరాన ఉండేదట. సీసపు గని ఊరు. గని మూశాక జనమంతా వెళ్లిపోయారు, ఇప్పుడు ఇళ్లు కూడా లేవు, పాత ఫొటోలు పదిహేను ఉన్నాయి. ఆ ఊరినీ, దాని చిన్న విమానాశ్రయాన్నీ మళ్లీ నిలబెట్టగలరా అని అడిగింది.

గని అన్న మాట దగ్గర మావారు చదువుతున్న పేపరును మడత పెట్టారు.

"చేస్తామని రాయి కుముదా. ఈ పొద్దే రాయి."

"ఆగండి, ఇంకో వాక్యం ఉంది. 'దయచేసి మీ అసిస్టెంటుకు తీరిక ఉంటుందేమో కనుక్కోండి.'"

"అసిస్టెంటా? ఎవురు, అంబరీషా?"

నేను కళ్లద్దాల మీదుగా చూశాను. ఆయన గదిలో అటూ ఇటూ చూశారు. మూడో మనిషి లేడు.

"తీరిక ఉండాది, మేడం," అన్నారు.

ఆ మాటే కాగితం మీద రాసి ఇమ్మన్నాను. ఇచ్చారు. సాక్షి సంతకం అంబరీష్ గారిది.