భూమి లోపల ఏముందో చెబుతాం

ఆ బుధవారం ఉదయం సాత్విక్ వేసుకున్న పథకం చిన్నదే. ఉప్మా చల్లారేలోగా భూగర్భశాస్త్ర విద్యార్థి సంఘానికి ఆన్‌లైన్‌లో ఒక పేజీ తెరిచి, తొమ్మిదింటి బస్సుకి నాచారం నుంచి యూనివర్సిటీకి వెళ్లిపోవాలి. సంఘానికి అతనే అధ్యక్షుడు. సభ్యులు పద్నాలుగు మంది. శుక్రవారంలోగా సంఘానికో పేజీ, దాన్ని అనుసరించే వాళ్లు కనీసం వందమంది ఉండాలని, లేకపోతే సంఘం గదిని ఫొటోగ్రఫీ వాళ్లకు ఇచ్చేస్తానని శాఖాధిపతి గిరిప్రసాద్ గారు తేల్చి చెప్పారు. ఆ గది నిండా ఏళ్ల తరబడి విద్యార్థులు మోసుకొచ్చిన రాళ్లున్నాయి. వాటిని కిటికీలోంచి పారేస్తామని ఫొటోగ్రఫీ వాళ్లు అప్పుడే అనేశారు కూడా.

పేజీ తెరవడానికి ఫోను చాలా ప్రశ్నలే వేసింది. ఏ రంగమని అడిగితే భూగర్భశాస్త్రం అని కొట్టాడు. జాబితాలో అది లేదు. దగ్గరగా కనిపించింది 'బోరుబావుల సేవలు'. తర్వాత మార్చుకోవచ్చులే అని దాన్నే నొక్కాడు. తన నంబరు క్రికెట్ జట్టు పేజీలో ఇరుక్కుపోయి ఉండడంతో అమ్మ నంబరిచ్చాడు. చిరునామా ఇంటిదే. పరిచయం దగ్గర మాత్రం కాసేపు ఆలోచించి, "భూమి లోపల ఏముందో చెబుతాం. అందరికీ ఉచితం" అని రాశాడు. అది ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయే ఏప్రిల్ నెల అని అతనికి గుర్తు రాలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల్లి అరుణకుమారి గోడ క్యాలెండరు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఎదురైంది.

"ఉద్యోగం మొదలెట్టానని ఒక్క మాట చెప్తే కాదంటానా" అంది.

"ఏం ఉద్యోగమమ్మా?"

"పొద్దుట్నుంచి పదకొండు ఫోన్లు. పాపం, అందరికీ నీళ్ల ఇబ్బందే. రోజుకి ఇద్దరు చొప్పున రాసేశాను. రేపు ఎనిమిదింటికి పీర్జాదిగూడ, తర్వాత దమ్మాయిగూడ. ఆదివారం మటుకు కుదరదన్నాను, నువ్వు లేవవు కదా."

సాత్విక్ జరిగింది చెప్పాడు. ఆమె అంతా విని, "మాటిచ్చేశాను మరి. నువ్వే చెప్పుకో" అంది. అతను పీర్జాదిగూడకి ఫోన్ చేశాడు. అక్కడి అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షురాలు తారామణి.

"మేడమ్, మేం బోరు పాయింట్లు చూడమండీ."

"మీ అమ్మ చెప్పింది బాబూ. మావోడు మొహమాటస్థుడు, ముందుగాల కాదంటడు అని. మీరేం ఫికర్ జెయ్యకున్రి. పొద్దుగాల్ల కారు పంపిస్త" అని ఆమె పెట్టేసింది.

మర్నాడు కారు అన్నమాట ప్రకారం వచ్చింది. ఉప్పల్‌లో విద్యార్థి సంఘం కార్యదర్శి హరిత కూడా ఎక్కింది. అందరికీ నిజం చెప్పి క్షమాపణ అడిగి వచ్చేయాలని ఇద్దరూ దారిలో నిర్ణయించుకున్నారు. తీరా చూస్తే అపార్ట్‌మెంటు ఆవరణలో బోరు లారీ నిలబడి ఉంది. చుట్టూ కుర్చీలు వేసుకుని నలభై మంది కూర్చున్నారు. ఒక మూల, భుజాన సంచీతో, అరవై దాటిన మనిషి ఎర్రబడ్డ కళ్లతో చూస్తున్నాడు. కొబ్బరికాయతో నీళ్లు చూసే భూషణం.

"ముప్పై ఏండ్లసంది గీ పని జేస్తున్న. ఉచితమని రాసింది నువ్వేనా బిడ్డా?" అన్నాడు.

సాత్విక్ గొంతు సవరించుకున్నాడు. "మేం బోరు వాళ్లం కాదండీ. రాళ్ల గురించి చదువుకుంటున్నాం. మాది విద్యార్థి సంఘం."

"మాది గూడ సంఘమే గదా. ఒక సంఘానికి ఇంకో సంఘం సాయం జెయ్యదా?" అంది తారామణి. కుర్చీల్లోవాళ్లు అవునన్నారు.

హరిత మాత్రం అప్పటికే ప్రహరీ పక్కన పొడుచుకొచ్చిన బండను చూసి వచ్చింది. "ఇదివరకు ఎన్ని బోర్లు వేశారండీ?"

"మూడు. మూడిట్ల దుమ్మే లేసింది."

"ఇందులోనూ దుమ్మే లేస్తుంది. కిందంతా ఒకటే బండలా ఉంది. నా మాట విని వేయించకండి."

"నీళ్లు సూపియ్యమంటే, లేవని చెప్పనీకి ఇద్దరొచ్చిన్రు" అని తారామణి నిట్టూర్చింది.

భూషణం ముఖం వెలిగింది. సంచీలోంచి కొబ్బరికాయ తీసి, అరచేతిలో పడుకోబెట్టుకుని, కళ్లు సగం మూసుకుని నడిచాడు. ఉత్తరం గోడ దగ్గర కాయ నిటారుగా లేచింది. "గిక్కడ. నలభై అడుగులల్ల గంగమ్మ ఉన్నది."

హరిత అక్కడ కూర్చుని మట్టి తవ్వి వేళ్లతో నలిపింది. "నలభై అడుగులెందుకండీ, గునపం చాలు."

వాచ్‌మన్ రెండడుగులు తవ్వాడో లేదో నీళ్లు ఉబికి వచ్చాయి. కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఎవరో భూషణం కాళ్లకు దండం పెట్టారు. హరిత దోసిట్లోకి తీసుకుని, బ్లీచింగ్ వాసన పట్టి, "ఇవి మీ నల్లా నీళ్లే" అంది.

గేటు నుంచి సంపుకి పోయే పైపు అది. పగులు చుట్టూ మందంగా పాచి పట్టి ఉంది కాబట్టి గునపం మీద నేరం మోపడానికి వీల్లేకపోయింది. వేసవంతా వాళ్లకొచ్చిన నీళ్లలో సగం అక్కడే ఇంకిపోయాయి. ప్లంబరొచ్చి పైపు ముక్క మార్చాడు. మధ్యాహ్నానికి సంపు నిండింది. బోరు లారీ తవ్వకుండానే వెనక్కి తిరిగింది.

టీ తాగుతూ భూషణం హరిత పక్కకు జరిగాడు. "నీకెట్ల తెల్సింది బిడ్డా?"

"అంతటా గడ్డి మాడిపోయి, అక్కడొక్కచోటే పచ్చగా ఉంది కదండీ. మరి మీకు?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేను గూడ గడ్డే సూస్త. పుట్టలు సూస్త, చెట్టు ఏ దిక్కు వంగిందో సూస్త. గా మాట చెప్తే ఎవ్వలు నమ్ముతరు? కొబ్బరికాయ జనం కోసం."

హరిత ఆ మాటే తమ పేజీ కోసం ఫోను ముందు చెప్పమని బతిమాలింది. ముప్పై ఏళ్లలో ఆయన్నెవరూ అది అడగలేదు. కాసేపు తటపటాయించి, కాయ సంచీలో దాచేసి, గడ్డి గురించి ఏడు నిమిషాలు మాట్లాడాడు. క్యాలెండరులో మిగిలిన పది ఇళ్లను అరుణకుమారి ఆ సాయంత్రమే ఆయనకు అప్పగించింది. ఆదివారం కూడా కలిపి.

తారామణి అరవై నాలుగు ఫ్లాట్ల వాళ్లనీ పేజీని అనుసరించమని ఆదేశించింది. వాళ్లు చుట్టాలకు చెప్పారు. శుక్రవారం గిరిప్రసాద్ గారు చూసేసరికి రెండు వందల ముప్పై మంది ఉన్నారు. గది సంఘానికే ఉంచుతూ సంతకం పెట్టి, ఇంత ఆదరణ ఉన్న పేజీలో శాఖాధిపతి ప్రసంగం లేకపోవడం బాగుండదని, తానే నలభై నిమిషాలు మాట్లాడి పెట్టించారు.

భూషణం వీడియోను ఇప్పటికి పదకొండు వేల మంది చూశారు. గిరిప్రసాద్ గారిది ముగ్గురు చూశారు. వాళ్లలో ఇద్దరు, గడ్డి గురించి ఎన్నో నిమిషంలో చెబుతారని అడిగారు.