అంకప్ప చేతికి సెంట్రింగు

మనిషి ఒంట్లో నీళ్లు కదులుతూనే ఉండాలి, మనిషి మాత్రం కదలకూడదు. వేలూరు నిశ్చల చిత్రణ కేంద్రం లోకానికి ప్రసాదించిన సిద్ధాంతం ఇది. అక్కడి పెద్ద అయస్కాంతపు గొట్టంలో పడుకుంటే, ఒంట్లోని నీటి కణాల కదలికను పట్టుకుని కండకూ నరానికీ బొమ్మ గీస్తుంది. మనిషి కదిలాడా, బొమ్మ అలుక్కుపోతుంది. అందుకని కేంద్రంవారు కదలికను మొత్తంగా నిషేధించారు. (అందరికన్నా ముందు క్యూ ఈ నియమాన్ని పాటించింది. ఆ తర్వాత లిఫ్టు.)

గుడియాత్తం నుంచి అంకప్ప మేస్త్రీ భార్య చెల్లమ్మతో అక్కడికి వచ్చాడు. గోడలకు సిమెంటు పూసే ఆయన కుడిచెయ్యి కొంతకాలంగా వణుకుతోంది. తాపీ పడితే సిమెంటు గోడ మీద కాక పక్కవాడి మీద పడుతోంది. చెయ్యి పోతే మేస్త్రీకి బతుకే లేదు. వణుకు ఎందుకో స్కాన్ తీసి చూడమని డాక్టరు రాసిచ్చాడు.

నిశ్చలతాధికారి గుణశేఖర్ ఆ చేతిని మర్యాదగా చూశాడు.

"ఇది వణకతా ఉండాదే అప్పా. లోపలికి పంపేదానికి రూల్సు ఒప్పుకోవు."

"వణకతా ఉండాదనే గదా సార్ వచ్చినాము!"

"ముందు వణుకు నిలిపేసి రా నాయనా. ఎందుకు వణికిందో అప్పుడు చూస్తాము."

(ఇందులో తర్కం లేదనుకునేవారు పై అంతస్తులోని తర్క విభాగంలో ఫిర్యాదు చేసుకోవచ్చు. లిఫ్టు సంగతి ముందే మనవి చేశాను.)

ఊరికి తిరిగి రాగానే తోటి మేస్త్రీలు చుట్టూ చేరారు. దేన్నైనా కదలకుండా నిలబెట్టడం వాళ్లకు రోజూ ఉన్న పనే.

"ఇంతింత స్లాబులు నిలబెట్టినాము, చెయ్యొక లెక్కా?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు పొన్నుస్వామి.

స్లాబుకు కట్టే సెంట్రింగులాగే చేతికి అటూ ఇటూ పలకలు పెట్టి కొబ్బరితాడుతో బిగించారు. కింద ఆసరాగా సరుగుడు కర్ర పోటు పెట్టారు. అయస్కాంతం లాగేస్తుందని మేకు ఒక్కటీ కొట్టలేదు. (శాస్త్రజ్ఞానం లేదని ఎవరూ అనలేరు.) పైన గోనెసంచి చుట్టి, స్లాబును తడిపినట్టే పూటపూటా తడపమని చెల్లమ్మకు చెప్పారు. పాపం, ఆమె బిందెలతో పోసింది.

"చెయ్యి మొద్దుబారతా ఉండాది అన్నా" అన్నాడు అంకప్ప.

"సెట్ అవతా ఉండాదిలే" అన్నాడు పొన్నుస్వామి.

కొన్నాళ్లకు సెంట్రింగు విప్పారు. చెయ్యి వణకలేదు. వేళ్లూ ఆడలేదు.

మళ్లీ వేలూరు వెళ్లి స్కాన్ తీయించుకుంటే గుణశేఖర్ పరమానందపడ్డాడు. ఇంత స్పష్టమైన బొమ్మ కేంద్రం చరిత్రలో రాలేదట. పటం కట్టించి హాల్లో తగిలించారు. రిపోర్టులో "కదలిక లేదు, అంతా సవ్యం" అని రాశారు.

"ఈ చేత్తో యాడ తాపీ పట్టుకుంటాడు సార్ ఈయన?" చెల్లమ్మ ఏడ్చేసింది. (నాకూ ఒళ్లు మండింది. అయితే కేంద్రంలో కోపం వచ్చినా కదలకూడదు.)

"అది కదలని చేతుల విభాగం చూస్తాదమ్మా, పక్క హాలే" అన్నాడు గుణశేఖర్ ఓపికగా. "పేరు పిలిస్తే ఆ చెయ్యే పైకెత్తాల. అది మాత్రం మరిచిపోవద్దండి."

పక్క హాల్లో పేరు పిలిచారు. అంకప్ప ఎదురుగా నిలబడే ఉన్నాడు. రాలేదని రాసుకున్నారు.